షాహీన్ ఆపా పాత ప్లేయరు

మొన్న మా స్టూడియోలో కొత్తగా చేరిన సుజాత పెన్‌డ్రైవ్ కవరు మీద మార్కరుతో పేరు రాస్తోంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే గద్వాలలోని షాహీన్ ఆపా రికార్డింగు దుకాణం గుర్తొచ్చింది. సీడీల మీద పేర్లు ఆమే రాసేది, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని. డిగ్రీ తప్పి ఇంట్లో తిట్లు తింటున్న నన్ను సొంత అక్కలా పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టిన మనిషి. రికార్డు చేయడం, శబ్దం హెచ్చుతగ్గులు సరిచేయడం, సీడీ రైట్ చేయడం అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఒక్క అలవాటు మాత్రం నాకు గిట్టేది కాదు. ప్రతి సీడీనీ, మూతకు రబ్బరు బ్యాండు చుట్టిన ఓ పాత ప్లేయరులో మొదటినుంచి చివరిదాకా వినాల్సిందే. "దీంట్ల పాడితే ఎవ్వరింట్లనైన పాడుతది" అనేది. నాకేమో అదంతా చాదస్తంలా ఉండేది.

ధరూరు వైపు నుంచి ఎల్లమ్మక్క బృందం వచ్చిన రోజు ఆపా ఊళ్లో లేదు. ఐదుగురు ఆడవాళ్లు, నాట్లేసేటప్పుడు పాడుకునే పాటలు. వనపర్తిలో జరిగే పాటల సభవాళ్లు ముందు సీడీ విని, నచ్చిన బృందాలనే పిలుస్తారట. ఎల్లమ్మక్క మైకు ముందు నిలబడటం అదే మొదలు. నేను ఎంపీత్రీ ఫైళ్లను అట్లాగే సీడీలోకి ఎక్కించి, కంప్యూటరులో ఓసారి విని ఇచ్చేశాను. పాత ప్లేయరు వంక కూడా చూడలేదు.

మర్నాడు పొద్దున వనపర్తి నుంచి ఎల్లమ్మక్క ఫోన్ చేసింది. "బిడ్డా, గీ మిషిన్ల మన పాట పలుకుతలేదు. నాలుగింటిదాంకనే వింటరంట." అప్పటికి తిరిగొచ్చిన ఆపా నన్ను ఒక్క మాట అనలేదు. "పాత మిషిన్లకు ఎంపీత్రీ తెల్వదు. వేవ్ ఫైళ్లు జేసి ఆడియో సీడీ కొట్టు. పరేషాన్ కాకు" అంది. అట్లాగే చేశాను. సీడీ అందుకుని పరుగెత్తబోతే చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. విను."

"బస్సు పోతది ఆపా!"

"పోతే ఇంకోటొస్తది. చివరిదాంక విను."

ఆ అరగంటా ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది.

ఆ బస్సు పోయి, తర్వాతి దాంట్లో ఇద్దరం వనపర్తి చేరేసరికి మూడు దాటింది. సీడీలు వింటున్న పెద్దమనిషి ఎల్లమ్మక్క మీద విసుక్కుంటున్నాడు. "ఆమెదేం లేదు సార్, తప్పు మా దుకాణంది" అంది ఆపా, నా వైపు చూడకుండా. పాట మొదలైంది. తన గొంతు ఆ గదిలో వినబడగానే ఎల్లమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో పాటకు పెద్దమనిషి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. మూడోది అయ్యాక, సభకు రమ్మన్నాడు. బయటికొచ్చి ఎల్లమ్మక్క ఆపా చేతులు పట్టుకోబోతే, ఆమె నన్ను ముందుకు తోసింది. "నాకెందుకు? మా పిల్ల చేసింది." సిగ్గుతోనో, సంతోషంతోనో నాకు ఏడుపొచ్చింది.

సుజాత పేరు రాసిన ఆ కవరు అందుకున్నాయన నిన్న ఫోన్ చేసి ఒకటే అరుపులు. ఫైలులో చివరి నిమిషం తెగిపోయిందట. ఎదురుగా సుజాత ముఖం పాలిపోయి నిలబడింది.

"తప్పు మా దుకాణంది సార్. సాయంత్రానికి సరిచేసి ఇస్తం" అన్నాను.

ఫోన్ పెట్టేశాక సుజాత మెల్లగా అడిగింది. "దుకాణమేంది అక్కా? మనది స్టూడియో కదా."

పక్కనున్న కుర్చీ ఆమె వైపు లాగాను.

"కూర్చో. ఇద్దరం చివరిదాంక విందాం."