వేసుకోండి, ఏం కాదు

ఒక రోగి తనకు పడని మాత్రను పొరపాటున మళ్ళీ వేసుకుందనీ, చురుకైన పీజీ అమ్మాయి ఒకతె ఆ సంగతి వెంటనే పసిగట్టి రుజువుతో సహా పట్టుకుందనీ మా కాలేజీలో ఒక కథ చెబుతారు. ఎండీ ఫార్మకాలజీలో చేరిన కొత్త పిల్లలకు మొదటి వారంలోనే చెబుతారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను. ఆ చురుకైన అమ్మాయిని నేనే. అందులో పొరపాటన్నది లేదు. ఆమె వేసుకోనా అని అడిగింది. వేసుకోమని నేను చెప్పాను.

ఇదిగో, రాసేశాను.  పదిహేనేళ్ళు దాటింది. ఇన్నేళ్ళూ ఇది నాకు నీళ్ళు లేకుండా మింగిన మాత్రలా ఉంది. దిగిపోయిందనుకుంటాను, కాసేపటికి అక్కడే తగులుతుంది. ఇప్పుడు అదే విభాగంలో ప్రొఫెసర్ని. నాకు నోరెక్కువని పేరు. డీన్‌తో వాదించాను, పరీక్షకు వచ్చిన బయటి ఎగ్జామినర్లతో వాదించాను, బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్టుమెంటు సంఘం వాళ్ళయితే నేను లిఫ్టు ఎక్కితే మెట్లమీద దిగిపోతారు. అంత నోరున్నదాన్ని, నా గురించి చెప్పే అబద్ధాన్ని మాత్రం ఏటా కూర్చుని విన్నాను. ఒకటి రెండుసార్లు నవ్వాను కూడా.

మీకు మా చదువు సంగతి తెలియకపోవచ్చు. ఎంబీబీఎస్ అయ్యాక మూడేళ్ళు మందుల గురించే చదువుతాం. మందు ఒంట్లోకి ఎలా పోతుంది, ఏం చేస్తుంది, ఎవరికి పడదు. మాకు వార్డు ఉండదు. రోగులుండరు. మా పెద్దత్త పెళ్ళిళ్ళలో నన్ను ఎలా పరిచయం చేసేదనుకున్నారు? "మా అమ్మాయి డాక్టరే. రోగులే ఉండరు." అందరూ నవ్వేవాళ్ళు. నేనూ ఏదో ఒక ఘాటు సమాధానం చెప్పేదాన్ని. గదిలోకి వచ్చాక మాత్రం ఆ మాట చెవిలో తిరిగేది.

మాకున్న ఒకే ఒక్క దారి ఏమిటంటే, మందులు వికటించిన కేసులు. ఆసుపత్రిలో ఎవరికైనా మందు పడక దద్దుర్లో మచ్చలో వస్తే ఆ విభాగం వాళ్ళు మాకు కబురు చేస్తారు. పీజీ వెళ్ళి రోగితో మాట్లాడి, ఏ మందు వల్ల వచ్చిందో తేల్చాలి. తేల్చడానికి మెట్లుంటాయి. కావచ్చు అనేది కింది మెట్టు. చాలామటుకు అదే అనేది దాని పైది. అన్నిటికన్నా పైన ఉండేది ఖచ్చితం. మామూలుగా ఆ పైమెట్టు ఎక్కాలంటే అదే మందు మళ్ళీ పడాలి, అదే మచ్చ మళ్ళీ రావాలి. రీఛాలెంజ్ అంటాం. రోగికి హాని కాబట్టి ఎవరూ ఊరికే చెయ్యరు. అందుకే ఆ మెట్టు మీద కేసులు అరుదు. అందుకే పీజీలందరికీ దానిమీదే కన్ను.

ఆమెను రత్న అంటాను. అసలు పేరు అది కాదు. యలహంక పాతూరులో తాతల నాటి నుంచి ఉన్న తెలుగు కుటుంబం. ఒక్క గదిలో బ్యూటీ పార్లరు నడిపేది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. కడుపు చెడి, జ్వరం వచ్చి, మందుల షాపులో మూడు రకాల మాత్రలు కొని ఒకేసారి మింగింది. మర్నాటికి కింది పెదవి మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. చర్మవిభాగం వాళ్ళు చూసి, మందు వల్ల వచ్చేదే ఇది, ఆ మందు ఎప్పుడు పడినా అదే చోట మళ్ళీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకా నల్లబడుతుంది అన్నారు. మూడింటిలో ఏదో తేలేదాకా ఏదీ వేసుకోవద్దు, కావాలంటే ఈ మేడమ్‌ని అడుగు అని నన్ను చూపించారు.

ఈ మేడమ్‌ని. విన్నారా? నా జీవితంలో మొదటి రోగి.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఈ చిన్న పిల్లనా? నా పెదవి పోయినా పర్వాలేదు గానీ, ముందు ఈమె కనుబొమ్మలు సరి చెయ్యాల," అంది. చర్మవిభాగమంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నాకు సరిజోడు దొరికిందనిపించింది. ఆ రోజు ఆమెతో ఎంతసేపు మాట్లాడానో. మూడు మాత్రల్లో నాకు ఒకదానిమీద అనుమానం. విరేచనాలకు వాడే, రెండు మందులు కలిపిన మాత్ర. మా గైడ్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ బళ్ళారి మనిషి, నెమ్మదస్తురాలు. తేల్చడానికి సరైన పద్ధతి ఉంది అన్నారు. ఎథిక్స్ కమిటీకి రాయాలి, రోగికి అంతా చెప్పి సంతకం తీసుకోవాలి, చర్మవిభాగంలో చేర్చుకుని, డాక్టరు పక్కనే ఉండగా మాత్రలో చిన్న ముక్క మాత్రమే ఇచ్చి చూడాలి. రాయి, తొందరేం లేదు అన్నారు.

తొందరేం లేదట. కమిటీ కూర్చునేసరికి, పీజీలు తమ కేసులను పోస్టర్లుగా వేసి పోటీపడే ఆ ఏటి కాన్ఫరెన్సు దాటిపోతుంది. నేను అప్పటికే మనసులో పోస్టరు గీసేసుకున్నాను. ఎడమవైపు మొదటి ఫోటో, కుడివైపు రెండో ఫోటో. ఆ రెండో ఫోటో చోటు ఖాళీగా ఉంది.

ఇక్కడ అందరూ ఒత్తిడి అంటారు. ఇలాంటివి బయటపడినప్పుడల్లా మా సెమినార్లలో వినే మాటే: పాపం పీజీల మీద ఒత్తిడి, వ్యవస్థ అలాంటిది. నేను ఒప్పుకోను. నామీద ఎవరూ ఒత్తిడి పెట్టలేదు. నాకున్నది ఉత్సాహం. పొద్దున్నే లేవగానే ఒళ్ళంతా పాకే ఉత్సాహం. చెడ్డపని చెయ్యబోయేవాళ్ళకి గుండె బరువెక్కుతుందని ఎవరు చెప్పారో గానీ, నాకు గాలిలో తేలినట్టుండేది.

ఒక మధ్యాహ్నం, డిపార్టుమెంటులో అన్నం తింటుండగా ఫోన్ వచ్చింది.

"డాక్టరమ్మా, నేనప్పా, యలహంక రత్న. కడుపు గలాటా మళ్ళీ మొదులయ్యింది."

"ఏం తిన్నారు?"

"మా ఆడబిడ్డ మనవడి నామకరణం. ఆకు నిండా భారీ ఊట. పెట్టినోళ్ళకి పుణ్యం, తిన్నోళ్ళకి పాయఖానా."

"జ్వరం ఉందా?"

"జ్వరం లేదు, ఏమీ లేదు. పోయినసారి మాత్ర ఒగటి మిగిలి ఉండాది ఇంట్లో. ఆ కడుపుది. వేసుకునేదా వద్దా? నేనైతే సుమ్నె, ఎవురినీ అడక్కుండా మింగేస్తా. నా పెదవి ఒప్పుకోలేదు, నిన్ను అడగమంటాండాది."

నేను మాట్లాడలేదు. ఎంతసేపో చెప్పలేను. ముద్ద చేతిలోనే ఉంది. నాకు ఆలోచించడానికి టైము లేకపోయిందని చెప్పాలని ఉంది. ఉంది. బోలెడంత టైము ఉంది. వద్దు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగండి అని చెబితే సరిపోయేది. ఎంబీబీఎస్ మొదటేడు పిల్లకు కూడా తెలుసు. ఆ మాట నాలిక మీదే ఉంది కూడా. కానీ రెండో ఫోటో చోటు కళ్ళముందుంది.

"వేసుకోండి, ఏం కాదు," అన్నాను.

"గ్యారంటీనా?"

"గ్యారంటీ. ఏమైనా అనిపిస్తే మాత్రం వెంటనే నాకు ఫోన్ చెయ్యండి."

"నువ్వుండావు గదా, ఇంకేమి భయం," అని పెట్టేసింది.

ఆ చివర నేనన్న మాట చూశారా? వెంటనే ఫోన్ చెయ్యండి. ఎంత బాధ్యతగా ఉంది వినడానికి. మచ్చ ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియాలి, అందుకు.

సాయంత్రానికే ఫోన్ వచ్చింది. పెదవి మండుతోందనీ, ఈసారి వేళ్ళ సందుల్లో కూడా బొబ్బలు లేస్తున్నాయనీ చెప్పింది. నేను లేచిన ఊపుకి వెనక కుర్చీ పడిపోయింది. మొదట నాకు కలిగింది ఏమిటో ఇన్నేళ్ళూ నాకు నేనే ఒప్పుకోలేదు. సంతోషం. అంత సంతోషం నాకు ర్యాంకు వచ్చినప్పుడు కూడా లేదు. నా ఊహ నిజమైంది. మూడింటిలో అదే. ఖచ్చితం. యలహంక బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో కెమెరా పెట్టుకుని, ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిచోటా మచ్చ మానిపోతుందేమోనని తల్లడిల్లాను. మానిపోతుందేమోనని. ఈ వాక్యం నేను రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

పార్లరులో ఒక అమ్మాయి ఒక్క కనుబొమ్మ పూర్తయి, రెండోది సగంలో ఉండి కూర్చుని ఉంది. రత్న పెదవి ఉబ్బిపోయింది. వేళ్ళ మధ్య నీటి బొబ్బలు. నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"ఇంత దూరం నువ్వే వచ్చినావా అప్పా? మా ఇంటాయన పక్క వీధి నుంచి రాలేదు ఇంగా." కెమెరా తీశాను. "ఫోటోకి పౌడరు పూసుకునేదా?" అంది, మాట్లాడుతుంటే పెదవి నొప్పి పెడుతున్నా.

అన్ని కోణాల్లోంచీ తీశాను. ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అవును, ఆ తర్వాతే.

పోస్టరుకి మొదటి బహుమతి వచ్చింది. తర్వాత ఒక వైద్య పత్రికలో కేస్ రిపోర్టుగా వచ్చింది. రోగి పొరపాటున మళ్ళీ వాడడం వల్ల అని అందులో నా చేత్తో రాశాను. చప్పట్లు కొట్టారు. పెద్దత్తకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

రత్న బొబ్బలు మానాయి. మచ్చలు మానలేదు. పెదవి సగం నల్లబడింది, వేళ్ళ సందులు కాల్చినట్టయ్యాయి. అంటుకునేది కాదని ఎంత చెప్పినా వినేవాళ్ళెవరు? ఆ చేతులు ముఖానికి దగ్గరగా వస్తుంటే ఆడవాళ్ళు తల వెనక్కి తీసుకునేవాళ్ళట. ఒకామె తన రుమాలు పరిచి మరీ కూర్చుందట. కొన్ని నెలలకు పార్లరు మూసేసింది. ఒకసారి ఫోన్ చేసి, గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరినాను, అక్కడ బట్టకి అసహ్యం లేదు అని నవ్వింది. నేను అయ్యో అన్నాను. అంతే. అయ్యో. ఆ తర్వాత ఫోన్ చెయ్యలేదు ఆమె. నేనూ చెయ్యలేదు. మూడు నాలుగేళ్ళ తర్వాత ధైర్యం చేసి వెళితే ఆ గదిలో మొబైల్ రిపేరు షాపు ఉంది. పక్కింట్లో అడగొచ్చు. అడగలేదు.

ఈ ఏడాది కొత్త పీజీలకు మా జూనియర్ ప్రొఫెసరు యథాప్రకారం ఈ కథ చెప్పాడు. చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి, పక్కన కుర్చీలో ఉన్న నన్ను అడిగింది, "ఆ పేషెంటు తర్వాత ఏమయ్యారు మేడమ్?" అని. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. ఫాలో-అప్‌కి రాలేదమ్మా అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. అది వచ్చిన తేలికకే ఇవాళ ఇదంతా రాస్తున్నాను. ఆ కేస్ రిపోర్టు వేసిన పత్రిక సంపాదకుడికీ నిజం రాశాను, పొద్దున్నే. ఇంకా పంపిన ఊపులోనే ఉన్నాను. ఏమవుతుందో నాకు తెలియదు. ఉద్యోగం పోవచ్చు, పోకపోవచ్చు. నన్నెవరూ క్షమించనక్కర్లేదు. క్షమించేస్తామని వచ్చేవాళ్ళతో వాదన పెట్టుకోగలను కూడా. పదిహేనేళ్ళుగా నోట్లో నానిన మాటను బయట పెట్టాను, ఊపిరి పూర్తిగా లోపలికి పోతోంది, ఇప్పటికి ఇది చాలు.

ఒక్కటి మాత్రం దాటేశాను. కావాలనే.

ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు గైడ్ మేడమ్ రత్నని చూడడానికి వార్డుకి వచ్చారు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. మేడమ్ ఆమె వేళ్ళు పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత ఎప్పుడూ లేనంత కటువుగా అడిగారు.

"వద్దని చెప్పారు కదమ్మా. ఎవరు వేసుకోమన్నారు?"

 నేనే అని అనాలి. అనేదాన్నేనేమో. ఇన్నేళ్ళుగా ఈ 'ఏమో' దగ్గరే ఆగిపోతున్నాను.

రత్న నావైపు చూడలేదు. గోడవైపు తిరిగి, ఉబ్బిన పెదవితో నెమ్మదిగా చెప్పింది.

"ఎవురూ చెప్పలేదు మేడమ్. నేనే మరిచిపోయి వేసుకున్నా. ఈ అమ్మికి ఏమీ తెలీదు, ఈమెని ఏమీ అనొద్దండి."

మేడమ్ నిట్టూర్చి వెళ్ళిపోయారు. రత్న కళ్ళు మూసుకుంది.  నేను ఆమెకి దుప్పటి కప్పి బయటికి వచ్చేశాను. పొరపాటున అన్న మాట నేను పుట్టించింది కూడా కాదు. ఆమె ఇచ్చింది, నేను వాడుకున్నాను.

తెలియక చెప్పాననీ, చిన్నపిల్లననీ జాలిపడి ఉంటుందా? లేకపోతే ఆ ఫోన్‌లో నేను మాట్లాడకుండా ఉన్న ఆ కాసేపట్లోనే ఆమెకంతా అర్థమై ఉంటుందా? అర్థమై కూడా మాత్ర మింగిందా? రత్నా, ఈ కాగితం నీదాకా వస్తుందో రాదో, నేనేం చేశానో నీకు తెలిసే ఆ రోజు గోడవైపు తిరిగావా?