పూజకు ఆపిన సర్వర్

హన్మయ్య తాతకు ఉప్పల్లోని సొంతింటి కన్నా నాచారం మందుల కంపెనీలోని సర్వర్ గదే ఇష్టం. అక్కడ ఏసీ ఉంటుంది, నానమ్మ ఉండదు. రిటైరయ్యే వయసు దగ్గరపడ్డా ఆ గదిని వదలడు. కంపెనీ వివరాలన్నీ దాచే డిస్కుల బీరువాకు కాపలా ఆయనే. ఇంట్లో తన కళ్లజోడు ఎక్కడుందో లక్ష్మీనర్సమ్మ నానమ్మను అడిగే మనిషి, అక్కడ అందరి పోయిన ఫైళ్లూ వెతికి పెడతాడు.

ఏటా ఆయుధ పూజనాడు కంపెనీలో యంత్రాలన్నీ ఆపి బొట్లు పెడతారు. సర్వర్‌ను మాత్రం తాత పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేసి, అది పూర్తిగా ఆగాకే స్విచ్ తీస్తాడు. ఈసారి పంతులు తొందరపెట్టాడు.

"రాహుకాలం వస్తున్నది, జల్ది కానియ్యున్రి!"

పంతులంటే తాతకు నానమ్మ తర్వాత అంత భయం. పసుపు చేత్తోనే స్విచ్ తీసేశాడు. రాసుకుంటున్న పని మధ్యలోనే సర్వర్ టప్పున ఆరిపోయింది.

పూజయ్యాక, ప్రసాదం కొబ్బరి నములుతూ మళ్లీ వేశాడు. ల్యాబు వివరాలుండే వాల్యూమ్, అంటే డిస్కుల్లో వాటికోసం కేటాయించిన భాగం, తెరుచుకోలేదు. పాడైపోయింది.

ల్యాబులో పనిచేసే మానస పరుగున వచ్చింది. ఏడాదిపాటు అలమారలో దాచిన మాత్రలను ఆ పొద్దున్నే తీసి పరీక్షించింది. పరీక్షలో అవి కరిగిపోయాయి. ఫలితాలు పోతే మళ్లీ చేయడానికి మాత్రలు లేవు. ఏడాది ఎదురుచూపంతా గంగలో కలిసినట్టే.

"ఎవరు బంజేసిన్రు సార్?"

"నేనే బిడ్డా." తాత చేతిలోని కొబ్బరి పక్కన పెట్టాడు.

"గంటగంటకు స్నాప్‌షాట్ తీస్తరు కద. గదే వాపస్ పెట్టున్రి."

స్నాప్‌షాట్ అంటే ఆ క్షణానికి వాల్యూమ్ ఎట్లా ఉందో అట్లాగే నిలిపి ఉంచిన రూపం. చివరిది బాగానే ఉంది. కానీ మానస ఫలితాలు ఎక్కింది దాని తర్వాతే, పూజకు కాస్త ముందు.

"అది పెడ్తే నీ పొద్దుగాలటి రీడింగులు నిజంగనే పోతయ్. ఉంటే గీ పాడైనదాంట్లనే ఉండాలె. జర ఓపిక పట్టు."

తాత పాడైన వాల్యూమ్‌కు కూడా స్నాప్‌షాట్ తీశాడు. దాని నుంచి ఒక క్లోన్, అంటే నకలు, తయారుచేశాడు. అసలుదాన్ని ముట్టకుండా నకలు మీద మరమ్మతు నడిపాడు. ఉన్నది కూడా చెడింది.

"అయ్యో, ఖతమా?"

"నకలే కద. ఇంకోటి తీస్త."

రెండో నకలు మీద తొందరపడలేదు. డేటాబేస్ తన పనులను రాసుకునే లాగ్ నుంచి సగంలో ఆగినవాటిని ముందు పూర్తిచేయించి, ఆ తర్వాతే తెరిచాడు. పాత వివరాలను మంచి స్నాప్‌షాట్ నకలుతో పోల్చాడు. తేడా లేదు. పొద్దుటి రీడింగులు తెరమీద వరసగా కిందికి దిగుతూ వచ్చాయి.

మానస నవ్వలేదు. ఒక్కొక్కటీ చూసుకుంటూ చివరిదాకా వెళ్లి, అప్పుడు కుర్చీలో కూలబడింది.

"అన్నీ ఉన్నయ్ సార్."

తాత ఆ నకలునే సర్వర్‌కు తగిలించాడు. పాడైనదాన్ని మాత్రం చెరపకుండా పక్కన ఉంచాడు.

"వచ్చే ఏడు పూజకు మీరు సెలవు పెట్టున్రి," అంది మానస.

"పెడ్తనమ్మా."

ఆ సెలవు సంగతి తాత ఇంట్లో చెప్పలేదు. మానసే ఫోన్ చేసి నానమ్మకు చెప్పింది.