బ్రేకు ఖలాస్

ఎవరైనా మీతో "అయిపోయింది" అన్నప్పుడు, ఏం అయిపోయిందని మీరు చివరిసారి ఎప్పుడు అడిగారు? పనా, సరుకా, మనిషా? అడిగి ఉండరు. తలూపి ఉంటారు. నేనూ ఊపాను.

కువైట్‌లో, షువైఖ్ గరాజుల వీధిలో ఒక షెడ్డులో స్పేర్ పార్టుల స్టోరు చూస్తాను నేను. మా బ్రేకుల మెకానిక్కుది రాయచోటి. రిగ్గై పేటలో ఒకే గదిలో, ఇంకొందరితో కలిసి, పదకొండేళ్లు ఉన్నాం. నేను గోదావరి వాణ్ని, దేవుణ్ని నమ్మను. అతను ఐదు పూటలా నమాజు చేసేవాడు. నన్ను "సామీ" అనేవాడు. వాళ్ల వైపు ఎవరినైనా అట్లాగే పిలుస్తారు, కాని నన్ను పిలిచేటప్పుడు ఆ మాటను కాస్త సాగదీసేవాడు. నాస్తికుణ్ని సామీ అనడంలో ఉన్న రుచి అతనికి బాగా తెలుసు.

ఒక ముసలి కువైటీ తన తండ్రి నడిపిన పాత అమెరికన్ కారు డొక్కును మా షెడ్డుకు తెచ్చాడు. దాన్ని హాట్ రాడ్ చేయాలన్నాడు. అంటే పైన పాత బాడీ పాతదిగానే ఉండాలి, లోపల మాత్రం దాని పుట్టుకకు మూడింతల బలమున్న ఇంజను కూర్చోవాలి. ఇంజను దొరికింది. దాని బలాన్ని వెనక చక్రాలకు అందించే యాక్సిల్ దొరకాలి. పాతది ఆ ఇంజను ముందు అగ్గిపుల్ల.

తుక్కు కార్ల యార్డును ఇక్కడ సక్రాబ్ అంటారు. ఇద్దరం వెళ్లి పొద్దుటి నుంచి వెతికాం. చివరికి రెండు యాక్సిళ్లు మిగిలాయి. ఒకటి డ్రమ్ము బ్రేకులది, టేపు పెట్టి కొలిస్తే మా కారుకు అచ్చంగా సరిపోయింది. రెండోది డిస్కు బ్రేకులది, ఒక వైపు బెత్తెడు పొడవెక్కువ. చక్రం బాడీ బయటికి వచ్చేస్తుంది.

"డ్రమ్ముది తీసుకుందాం భాయ్. కోత లేదు, వెల్డింగు లేదు. ఉన్నది ఉన్నట్టు ఎక్కించేయొచ్చు," అన్నాను.

అతను డిస్కు యాక్సిల్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. రెండు కొనలనూ కలిపి ఒక చుట్టు తిప్పమని నన్ను పురమాయించి, మధ్యలో ఇంజను వైపు ముక్కు మీద సుద్దతో గీత పెట్టాడు. అది మూడున్నర చుట్లు తిరిగింది. మా ఇంజనుకు కావలసిన లెక్క అదే. తృప్తిగా తల పంకించాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఉరికేదానికి ఇంజనుండాది సామీ. నిలబడేదానికి ఏముండాది?"

"డ్రమ్ము కూడా బ్రేకే కదా."

"డ్రమ్ము లోపల ఏముండాదో మూత తీస్తే గాని కనపడదు. ఇసక దూరినా తెలీదు, అరిగినా తెలీదు. డిస్కయితే బయటికే కనపడతాది. నువ్వు కంటికి కనపడేదే నమ్మే మనిషివి గదా. ఈ పూట నీ మతంలోకి నేనొస్తే, నువ్వు బయటికి పోతాండావేంది?"

పక్కనున్న సక్రాబు వాడికి తెలుగు రాకపోయినా నా ముఖం చూసి నవ్వాడు. నా వాదనతోనే నన్ను ఓడించినవాళ్లు నా జీవితంలో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. డిస్కు యాక్సిలే తెచ్చుకున్నాం. పొడవున్న వైపు గొట్టాన్ని కోసి కురచ చేయించాం. బండికి ఎక్కించే ముందు అతను బిస్మిల్లా అన్నాడు.

"ఇంతకీ చక్రాన్ని పట్టి ఆపేది డిస్కా, బిస్మిల్లానా?" అన్నాను.

"రెండూ పట్టుకుంటే నీకేం నొప్పి?"

ఆ తర్వాతి వారం ముసలాయన రోజూ ఫోన్ చేశాడు. ఆయన అన్న మనవడి పెళ్లి ఊరేగింపుకు కారు కావాలట. గురువారం మధ్యాహ్నం దాటాక, అస్ర్ నమాజు వేళకు నేను ఆయనతోనే ఫోన్‌లో ఉన్నాను. దారిలో ఉన్నానని చెబుతున్నాడు. మా మెకానిక్కు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ స్టోరు కిటికీలోంచి తల పెట్టాడు.

"బ్రేకు ఖలాస్ సామీ. నమాజు చేసి వస్తా."

ఖలాస్ అంటే అయిపోయింది అని. నేను బొటనవేలు ఎత్తి చూపించాను. ఫోన్‌లో ముసలాయనకు కూడా అదే మాట అందించాను: ఖలాస్, రండి. ఆయన పొంగిపోయాడు.

వచ్చీ రాగానే కారెక్కి కూర్చున్నాడు. షెడ్డు నేల వీధి గేటు వైపు వాలుగా ఉంటుంది. ముందు చక్రాల కింద రెండు చెక్క దిమ్మెలు అడ్డు పెట్టి ఉన్నాయి. బ్రేకు పని పూర్తయిన బండికి దిమ్మెలెందుకు? ఆ ప్రశ్న నాకు రాలేదు. వంగి, ఈ చేతులతోనే తీశాను. ముసలాయన యల్లా, పద అన్నాడు, ఇంజను గర్జించింది, గేరు మార్చగానే కారు దిగడం మొదలుపెట్టింది. ఆయన బ్రేకు తొక్కాడు. పెడలు నేలకు తగిలింది. పాత కారు, నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ దారి. ఒక చోట చిల్లు పడితే నాలుగూ పోతాయి.

మా మెకానిక్కు అప్పుడే గేటులోంచి లోపలికి వస్తున్నాడు. కారుకూ గేటు స్తంభానికీ మధ్య ఇరుక్కున్నాడు.

మేం కారును వెనక్కి నెట్టినప్పుడు అతని పిడికిలిలో ఒక కొత్త బ్రేకు హోసు పైపు ఉంది. మసీదు నుంచి వస్తూ పక్క దుకాణంలో కొన్నాడు. వెనక యాక్సిల్ మీది పాత హోసు చిట్లి ఆయిలంతా కారిపోయింది. "బ్రేకు ఖలాస్" అంటే అతను చెప్పింది అదీ. బ్రేకు పని అయిపోయిందని కాదు, బ్రేకే అయిపోయిందని. ఆసుపత్రికి చేరకముందే అతనూ అయిపోయాడు.

కుర్రతనంలో నేను సంస్కరణ సభల్లో వాదించడం నేర్చుకున్నాను. జాతకాల మీద, ముహూర్తాల మీద పెద్దవాళ్లతో తలపడ్డాను. మాకు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే: ముందు మాటకు అర్థం తేల్చుకో, తర్వాత నోరు తెరువు. నలభై ఏళ్లు ఊరందరినీ అర్థాలు అడిగిన నేను, ఒక్క గురువారం ఒక్క మాటకు అర్థం అడగలేదు.

పోలీసులు ప్రమాదం అని రాసుకున్నారు. ముసలాయన నేల మీద కూలబడి ఏడ్చాడు, అల్లా నిర్ణయం అన్నాడు. గదిలో మిగతావాళ్లు నసీబ్ అన్నారు. నాకు ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో చెప్పడానికి సిగ్గేస్తుంది. జన్మంతా నేను చీల్చి చెండాడిన తలరాత, ఆ రోజు నా తల నిమరడానికి వచ్చింది. ఒప్పుకుంటే చాలు, నా చేతుల్లోంచి ఆ దిమ్మెలు మాయమైపోతాయి.

శవపేటిక విమానమెక్కాక అతని భార్యకు ఫోన్ చేశాను. ఆమె నన్ను ఎన్నడూ చూడలేదు, అయినా నన్నే ఓదార్చబోయింది.

"రాసిపెట్టి ఉండాదన్నా. నువ్వేం చేస్తావు?"

"రాసిపెట్టి లేదమ్మా. దిమ్మెలు తీసింది నేను. బ్రేకు ఖలాస్ అన్నాడు, పని పూర్తయిందనుకున్నాను."

ఆమె ఆ ఒక్క మాటనే పట్టుకుంది.

"ఖలాస్ అన్న్యాడా?" అంది. "ఆయన ఇంటికొచ్చినా అట్లే అంటాండె. ఉప్పు ఖలాస్, నూనె ఖలాస్. లేనిదానికే ఖలాస్ అంటాడన్నా ఆయన. పనైతే, 'చేసేసినాను' అంటాడు."

అవును. గదిలో పదకొండేళ్లు నేను విన్నదీ అదే. "బియ్యం ఖలాస్ సామీ," "గ్యాసు ఖలాస్ సామీ." ఒక్కసారి కూడా ఆ మాటను పూర్తయిన పనికి వాడలేదు. పదకొండేళ్ల సాక్ష్యం నా చెవుల్లో ఉంది. చక్రాల కింద ఇంకో సాక్ష్యం ఉంది. రెంటినీ తోసేసి, నాకు కావలసిన అర్థాన్ని తీసుకున్నాను, ఎందుకంటే కారు పని అవతల పడాలి, ఫోన్‌లో మనిషికి సంతోషం కలగాలి. కళ్లముందున్నది వదిలేసి మనసుకు కావలసింది నమ్మడాన్ని నేను ఊరూరా తిరిగి ఏమని పిలిచానో అదే పేరు నాకూ చెల్లుతుంది. నిమ్మకాయ కట్టి బండి తోలినవాడికీ నాకూ తేడా లేదు. నా నిమ్మకాయ ఆ మాట.

"చెప్పినావు, మంచిదన్నా," అంది ఆమె. ఫోన్ పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ కారు ఇంకా షెడ్డులోనే ఉంది. ముసలాయన మళ్లీ రాలేదు. వెనక డిస్కులు బయటికే కనపడుతున్నాయి, అతను చెప్పినట్టే. వాటి మీద తుప్పు మొదలైంది. అది కూడా కనపడుతోంది.

నా మీద జాలి పడొద్దు, తలరాత అనొద్దు. ఇవాళే, మీ పనిచోట, మీ ఇంట్లో, ఎవరైనా మీతో "అయిపోయింది" అంటే ఉన్నచోటే ఆగండి. ఏం అయిపోయిందని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మళ్లీ అడగండి. జవాబు వచ్చాక కూడా, చక్రం కింద దిమ్మె తీసే ముందు, పెడలు మీ కాలితో మీరే తొక్కి చూడండి.