బావ ముందు ఇంగ్లీషులో బిల్లడిగిన రోజు

మూడంటే మూడే ఇంగ్లీషు వాక్యాలతో ఒక మనిషి ఎంత పెద్ద కొంప ముంచగలడో మీకు తెలియకపోతే, కాస్త స్థిమితంగా కూర్చోండి. నేను ముంచింది మా కొంపే కాబట్టి మీకు వచ్చిన భయమేమీ లేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. డిగ్రీ అయింది, ఉద్యోగం రాలేదు. ఈ రెండింటి మధ్యా ఖాళీగా ఉండలేక విజయనగరంలో రెండు నెలలు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్నాను. చివరి రోజున మాస్టారు అందరికీ ఒక కాగితం పంచారు. పైన ‘హోటల్లో మర్యాదగా బిల్లు చెల్లించడం’ అని ఉంది. కింద నాలుగు వాక్యాలు. వాటిని నేను పళ్ళు తోముకుంటూ, సైకిల్ తొక్కుతూ, చివరికి నిద్రలో కూడా వల్లించాను. చిక్కల్లా ఒక్కటే. నన్ను హోటల్‌కి తీసుకెళ్ళేవాడూ లేడు, నేను బిల్లు కట్టేంతటివాణ్ణీ కాను.

ఇంతలో మా సింహాచలం బావ సంగతి వచ్చింది.

బావ అంటే మా పార్వతక్క మొగుడు. కొత్తవలస దగ్గర పల్లెలో వరి, కాస్త మెట్ట సేద్యం. మనసు వెన్న, కానీ ఆ వెన్న ఉన్న కుండ పెంకు మందం. మూడేళ్ళ కిందట మా ఇంటి గృహప్రవేశానికి వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. పెరుగు కోసం చూస్తుంటే వెనక పంక్తివాళ్ళ తొందరలో ఎవరో అతని విస్తరి ఎత్తేశారు. మా వైపు అల్లుడి విస్తరి పెరుగన్నానికి ముందే ఎత్తడమంటే, ఇంటికి నిప్పు పెట్టడం కంటే ఒక మెట్టు పైన నేరం. బావ లేచి, అక్కని బండి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. అంతే. అతనూ రాలేదు, అక్కనీ పంపలేదు. అమ్మ ప్రతి ఆదివారం అక్కతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడేది. పెట్టేశాక వంటింట్లోకి పోయి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది. ఆ చప్పుడు మా అందరికీ అర్థమయ్యేది.

పెద్దమనుషులు అటూ ఇటూ తిరగ్గా తిరగ్గా బావ ఒక మెట్టు దిగాడు. “మీ గడప తొక్కను. టౌన్లో ఏదైనా హోటలైతే కూకుంతాను” అన్నాడట.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. తను వస్తే పాత లెక్కలు బయటికొస్తాయని, రాయబారం నాకు అప్పజెప్పారు.

“ఒరే సత్యం, జాగర్తగా ఇను. బావ తింతన్నప్పుడు నువ్వు సెయ్యి కడుక్కునే వంకతో లెగు. కౌంటర్ కాడ డబ్బులు కట్టీసి, ఏటీ తెలీనట్టు వచ్చి కూకో. బిల్లు బల్ల మీదకి రాకూడదు. బావ సెయ్యి జేబులోకి ఎల్లకూడదు. బిల్లు అన్న మాట బావ సెవిన పడకూడదు. తెలిసినాదా?”

“తెలిసింది నాన్నా.”

“ఈ పని సరిగ్గా సేసినావంటే మీ అక్క ఇంటికొస్తాది. లేదంటే నువ్వు రానక్కర్లేదు.”

పాఠకులారా, గమనించారా? మన దగ్గర మర్యాదస్తుడు బిల్లు కట్టడమంటే దొంగతనం లాంటి పని. కన్నం వేసినంత గుట్టుగా కానివ్వాలి. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ కొత్త ఇంగ్లీషువాడు పొద్దెరగడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని మరీ బయల్దేరాను.

ఏసీ హోటలు. బావ ఇస్త్రీ చొక్కా, భుజాన కండువాతో బిగుసుకుని కూర్చున్నాడు. పక్కన అక్క. మూడేళ్ళ తర్వాత చూస్తున్నాను, చిక్కిపోయింది. బటర్ నాన్‌లు, చికెన్ కూర, ఒక వేపుడు వచ్చాయి. రెండో నాన్ దగ్గర బావ బిగువు కాస్త సడలింది. మూడోది అయ్యేసరికి, తల ఎత్తకుండానే, “అత్తకి మోకాళ్ళు ఎలాగున్నాయి?” అన్నాడు.

అక్క కళ్ళు మెరిశాయి. మూడేళ్ళలో బావ నోట ‘అత్త’ అన్న మాట రావడం అదే మొదలని తర్వాత చెప్పింది.

“మెట్లెక్కలేకపోతంది బావా” అన్నాను. “నీ గురించే అడుగుతుంటాది.”

“ఊఁ” అని బావ నాలుగో నాన్ తుంచాడు.

అప్పుడు నేను చెయ్యి కడుక్కోవడానికి లేవాలి. లేచి ఉంటే ఈ కథ లేదు. సరిగ్గా ఆ క్షణంలో మెడకి టై కట్టుకున్న వెయిటర్ మా బల్ల పక్కగా వెళ్ళాడు. ఆ టై చూడగానే రెండు నెలల చదువు గొంతులోకి ఎగదన్నుకొచ్చింది.

“ఎక్స్‌క్యూజ్ మి! మే వుయ్ హావ్ ద బిల్, ప్లీజ్?”

“షూర్ సార్!” అన్నాడతను. ఇంగ్లీషులో అడిగినవాడికి ఇంత వేగంగా పని జరుగుతుందని నాకప్పటిదాకా తెలియదు. నిమిషంలో నల్ల అట్ట మధ్య బిల్లు, గిన్నెలో సోంపు తెచ్చి పెట్టి, అలవాటు కొద్దీ బావ ముందున్న ప్లేటు మీద చెయ్యి వేశాడు.

అక్క ఆ ప్లేటును రెండు చేతులతో పట్టుకుంది.

బావ తుంచిన నాన్ అలాగే చేతిలో ఉంది. “ఏట్రా? సాలు, లెగమంతన్నావేటి?”

“అబ్బే, కాదు బావా! అది మర్యాద.”

“ఎవులి మర్యాదరా?”

అక్కడితో నోరు మూసుకోవాలి. గోతిలో పడ్డవాడు తవ్వడం ఆపాలని మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. నేను కాగితంలో రెండో వాక్యం తీశాను. మాస్టారు నేర్పినట్టే గుండె మీద చెయ్యి వేసుకుని, “ప్లీజ్ అలౌ మి. ఇట్స్ మై ట్రీట్” అన్నాను.

“ఏటంతన్నాడే?” బావ అక్కని అడిగాడు.

“ఏటీ లేదు, మీరు తినండి” అంది అక్క.

ఉపకారి ఎప్పుడూ పక్కనే ఉంటాడు కదా. వెయిటర్ వంగి, “ఈ పూట మీకు ఆయనే పెట్టిస్తున్నారంట సార్” అని విడమరిచాడు.

“నాకా? వీడు పెట్టిస్తన్నాడా?” బావ మీసం కదిలింది. “కోతలప్పుడు నలభై మందికి పూటపూటా పెట్టినోణ్ణి. నాకు ఈ గుంటడు పెట్టిస్తాడా? ఇటు తే ఆ కాయితం!”

బావ అట్టని ఒక చివర పట్టుకున్నాడు. నేను రెండో చివర పట్టుకున్నాను. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు. సోంపు బల్లంతా చిమ్మింది. ఇద్దరూ కడతామని పట్టుబట్టినప్పుడు వాడవలసిన వాక్యం మా కాగితంలో మూడోది. నాగరికులు అలాగే తగువు తీర్చుకుంటారట. అన్నాను.

“బావా, షల్ వుయ్ స్ప్లిట్ ద బిల్?”

“చెరి సగం పంచుకుందాం అంటున్నారు సార్” అన్నాడు వెయిటర్, ఎవరూ అడక్కుండానే.

“పంపకాలా?” బావ గొంతుకి పక్క బల్లలవాళ్ళు తినడం ఆపారు. “అన్నదమ్ములు కొట్టుకున్నాక పంపకాలు సేస్తారు గానీ, నోట్లో ముద్ద ఉండగా బావతో పంపకాలేట్రా?”

ఇంతకంటే ఏం జరుగుతుంది అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. వెయిటర్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. “నో ప్రాబ్లం సార్, వేరువేరుగా వేసేద్దాం. మేడమ్ ఒక నాన్. మీరు రెండు. ఈ సార్‌వి బటర్ నాన్‌లు నాలుగు, చికెన్ వేపుడు మొత్తం సార్‌దే, ఎగస్ట్రా ఉల్లిపాయలు రెండుసార్లు...”

హాలంతా వినపడేలా మా అల్లుడి తిండి చదివాడు. తినే మనిషి ముద్దలు మనసులో లెక్కపెట్టినా పాపమంటారు మా వైపు. వీడు మైకు లేని లోటు తెలియకుండా చదివాడు. చదివించినవాణ్ణి నేను.

బావ చేతిలోని నాన్ ముక్క వదిలేసి లేచాడు. అక్క తల వంచుకుంది. ఆమె ప్లేట్లోకి కన్నీటి చుక్క జారడం చూశాను. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు నా మీద ఎంత అసహ్యం వేసిందో ఇప్పుడు తలుచుకున్నా తల దించుకుంటాను. అమ్మ ఇంట్లో గుమ్మం వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. నేను మాత్రం ఇక్కడ మర్యాదస్తుణ్ణి అవుతున్నాను.

కౌంటర్ దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే బావ నోట్లు తీస్తున్నాడు. నేను ఫోన్ తీసి స్కాన్ చేయబోతే, భుజం మీది కండువా తీసి ఆ స్కానర్ బోర్డు మీద కప్పేశాడు.

“అతని దగ్గర తీసుకోవద్దండీ!” అని నేను.

“ఈడి దగ్గర తీసుకున్నావంటే నీ హోటలు గడప తొక్కను!” అని బావ.

“ఎవరో ఒకరు కట్టండి బాబూ, వెనక జనం ఉన్నారు” అని కౌంటరతను.

నాలుగో వాక్యం ఒకటి మిగిలి ఉంది, చిల్లర ఉంచుకోండి అని. అది నోటిదాకా వచ్చి, ఎందుకో లోపలే కరిగిపోయింది. బయటికి వచ్చింది మా ఊరి మాటే.

“బావా, నీ కాళ్ళట్టుకుంతాను. నాకు బుద్ధి లేదు. రెండు నెల్లు కట్టపడి నేర్సుకున్న ముక్కలు నీ ముందు ఆడి సూపిద్దామనుకున్నాను, అంతే బావా. అమ్మ మూడేళ్ళ నుంచి అక్క కోసం ఏడుస్తన్నాది. నా తప్పుకి అక్కని ఆపీకు. నన్ను కొట్టు, నాలుగు తగిలించు, అక్కని మాత్రం పంపించు.”

బావ నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

“ఈ మాట ఇందాక ఏ ఊరెల్లిపోనాదిరా?” అన్నాడు మెల్లగా. అని, నోట్లు కౌంటర్ మీద పెట్టేశాడు. కౌంటరతను టక్కున సొరుగులో వేసుకున్నాడు. నాన్న చెప్పిన పని పూర్తిగా తగలడింది.

బావ కండువా తీసి దులుపుకున్నాడు. “ఇప్పుడు సెప్పు. బావ డబ్బుల్తో తినీసి, బావకి తిరిగి ఒక పూటన్నా పెట్టకుండా పంపించీసే ఇల్లేట్రా మీది?”

“కాదు బావా!”

“మరి ఎప్పుడు పెడతారు?”

“నువ్వెప్పుడంటే అప్పుడు బావా.”

“అయితే ఇప్పుడే. నాకు సగం కడుపే నిండినాది. నడు.” వెనక్కి తిరిగి కేకేశాడు. “ఒసే పార్వతీ, సెయ్యి కడుక్కో! మీ తమ్ముడు నా సొమ్ము తిన్నాడు. మీ ఇంటికెల్లి కక్కించొద్దాం రా!”

అక్క చెయ్యి కడుక్కోవడం కూడా మరిచి పరుగెత్తుకొచ్చింది.

ఆటోలోంచి నాన్నకి ఫోన్ చేశాను.

“బిల్లెవులు కట్టినారు?” అదే మొదటి ప్రశ్న.

“బావ కట్టాడు నాన్నా.”

“ఒరే దరిద్రుడా! ముంచీసినావురా! ఇంకెక్కడి అల్లుడు, ఇంకెక్కడి కూతురు...”

“నాన్నా, నా మాట ఇను. బావ ఇంటికి బోయినానికి వస్తన్నాడు. అక్క కూడా. మన వీధి మలుపు తిరిగాం.”

ముప్పై ఏళ్ళు క్లాసుని అదలించిన గొంతు ఒకటి, వణుకుతూ, “ఒసే! బియ్యం కడుగే!” అంది.

ఆ సాయంత్రమే పెరట్లో నిలబడి, తూర్పుకి తిరిగి, ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ప్రతిజ్ఞ చేశాను. ఎదుటి మనిషి తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గట్టిగా ఒక్కసారి త్రేన్చేదాకా బిల్లు అనే మాటను ఈ జన్మలో ఏ భాషలోనూ ఎత్తనని. ఈ రోజు వరకూ మాట తప్పలేదు. నాతో హోటల్‌కి వచ్చిన స్నేహితులు తిని గంటన్నరైనా ఇంకా ఎందుకు కూర్చున్నామో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. వెయిటర్లు పక్క బల్లల మీద కుర్చీలు తిరగేసి పెడతారు. పెట్టుకోనీ. వీళ్ళింకా త్రేన్చలేదు.