పోపుతో సహా

మొన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, మా ఇంటామె ఫోన్ చేసింది. "టీచరమ్మ పోయిందయ్యా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. మీర్‌పేట్‌లో తన చెల్లెలి ఇంట్లో నిద్రలోనే పోయారట. షట్టర్‌ను అట్లాగే వదిలేసి స్టూలు మీద కూలబడ్డాను.

ఎల్బీ నగర్‌లో నాది మోటార్ల వైండింగ్ షాపు. ఇల్లు వెనక గల్లీలోనే, టీచరమ్మది పక్కిల్లు. ఆమెది కోస్తా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బడిలో సైన్స్ చెప్పి రిటైరయ్యారు. నాకు పాఠం చెప్పలేదు. చెప్పి ఉంటే నేను పదో తరగతి దాటేవాణ్ణో, ఆమే ఉద్యోగం మానేసేవారో తెలియదు. ఆమె నాకు నేర్పింది ఒక్కటే: ఇంట్లో కాచిన సూప్‌లో ఎన్ని కేలరీలున్నాయో తేల్చడం. ఆ ఒక్కదాని పుణ్యమే, ఇవాళ్టికీ వెంట్రుకంత రాగి తీగను ఈ కళ్ళతోనే చుడుతున్నాను.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నాకు షుగర్ బయటపడింది. రోజుకు ఇన్ని కేలరీలు దాటొద్దని, మాట వినకపోతే ముందు పోయేవి కళ్ళేనని దవాఖానలో చెప్పారు. రాత్రి అన్నం బంద్, సూప్ తాగాలి. మా ఇంటామె సోరకాయ, టమాట, పెసరపప్పు వేసి గిన్నెడు కాచింది. అందులో ఎన్ని కేలరీలని అడిగాను.

"నాకేం ఎరుక?" అంది.

"దుకాణంల ప్యాకెట్ మీద రాసుంటది. నీ మీద ఏం రాసుంటది మరి?" అన్నాను.

దానికి పడ్డ తిట్లు గోడ దాటి టీచరమ్మ చెవిన పడ్డాయి. వచ్చి గడపలో నిలబడ్డారు. "ఏంటయ్యా ఈ గోల? షాపులో రాగి తూచే కాంటా ఉందిగా, పట్రా."

పద్ధతి అంతా ఆమెదే. కూరగాయలు, పప్పు పచ్చిగా ఉన్నప్పుడే విడివిడిగా తూచాలి. దేనికెన్ని కేలరీలో ఆమె పుస్తకం చూసి కూడేవారు. ఉడికాక గిన్నెతో తూచి, ఖాళీ గిన్నె బరువు తీసెయ్యాలి. మిగిలిన సూప్‌లో నేను తాగేది ఎన్నో వంతైతే, కేలరీల్లోనూ నాకు అన్నో వంతు. స్టీలు గిన్నెల మీద లోకమంతా పేర్లు కొట్టించుకుంటుంది. టీచరమ్మ మా సూప్ గిన్నె మీద దాని బరువు కొట్టించారు.

"బకెట్ నీళ్ళు పోస్తే తగ్గిపోతయ్ గద మేడం?"

"గరిటెలో తగ్గుతాయి, గిన్నెలో తగ్గవు. నువ్వు ఎలాగూ గిన్నె లేపేదాకా లేవవు."

నా చేయి ఊరుకునే రకం కాదు. తూచేటప్పుడు కాంటా అంచు మీద చాటుగా వేలు ఆనించేవాణ్ణి. ఆమె కళ్ళద్దాల పైనుంచి చూసేవారు. "వేలు తియ్యవయ్యా. నిన్నెవరూ తాగరు."

ఇంత తూచినా నా షుగర్ దిగలేదు. నేనెక్కడో మిర్చి బజ్జీలు మింగుతున్నానని ఇంటామెకు అనుమానం. టీచరమ్మ ఒక సాయంత్రం వడ్డించే వేళకు వచ్చి వంటింట్లో కూర్చున్నారు. తూకం అయింది, లెక్క అయింది. అప్పుడు మా ఇంటామె రోజూలాగే గుంత గరిటెలో నెయ్యి కాచి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి చుయ్యిమనిపించింది.

"ఇదేంటమ్మా?"

"పోపు, టీచరమ్మా."

"దీన్ని తూచలేదే?"

"పోపునెవరన్న తూస్తరా? అయినంక పైనుంచి ఏసేదే గద."

టీచరమ్మ పడీపడీ నవ్వారు. పప్పు, సోరకాయ కలిసి ఇచ్చేన్ని కేలరీలు ఆ గరిటెడు నెయ్యే ఇస్తోందట. పోపు మానమంటారనుకున్నాను, అనలేదు. "చెంచాకు తగ్గించు. ముందే తూచు. మనం లెక్కలో వదిలేసినా ఒళ్ళు వదలదు" అన్నారు. మా ఇంటి సూప్‌కు వాసన మిగిలింది. నా షుగర్ మెల్లగా దిగడం మొదలైంది.

అంతలో వంటా వార్పు పిలుపు వచ్చింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని, బండ్లు ఆపెయ్యడం. మా గల్లీ అంతా సాగర్ రోడ్డు మీద కూర్చుంది. బగారన్నం వాసనకు నేను లెక్కలన్నీ మరిచి విస్తరి ముందు చేరాను. టీచరమ్మ రారనే అందరం అనుకున్నాం. అప్పటికే గల్లీలో కొందరు ఆమెను పేరు మాని 'ఆంధ్రామె' అంటున్నారు.

"అన్నా, మీ టీచరమ్మ ఒస్తున్నది" అన్నాడు పక్కనున్న వెల్డింగ్ షాపతను. డప్పు ఆగింది. ఆమె చేతిలో స్టీలు డబ్బాతో నేరుగా నా దగ్గరికి వచ్చారు. "లే. నీ సూప్. పోపుతో సహా తూచాను."

"ఏందమ్మా, మా బువ్వ తినవా?" ఎవరో వెనకనుంచి గుచ్చారు.

"తినకేం, వడ్డించు. ఈయనకి మాత్రం పెట్టకు." చీర కుచ్చిళ్ళు సర్దుకుని తారు రోడ్డు మీద కూర్చున్నారు. నావైపు తిరిగి నెమ్మదిగా అన్నారు. "మీకు రాష్ట్రం వచ్చిన రోజు చూడ్డానికి కళ్ళుండాలి కదయ్యా."

విస్తరి పక్కకు జరిపి డబ్బా మూత తీశాను. మళ్ళీ డప్పు మోగింది. వెల్డింగ్ అతను ఆమె విస్తట్లో రెండోసారి అన్నం వేశాడు.

రాష్ట్రం వచ్చిన రోజు లడ్డూ పట్టుకుని ఆమె ఇంటికే ముందు వెళ్ళాను. సగం విరిచి నా నోట్లో పెట్టి, "ఇవాళ్టికి తూకం లేదు పో" అన్నారు.

మొన్న కాష్టం దగ్గరనుంచి వచ్చి స్నానం చేశాక, మా ఇంటామె అలవాటుగా సూప్ కాచి, నెయ్యి చెంచాతో కొలిచి, గిన్నెను కాంటా మీద పెట్టింది. నేను అంచు మీద వేలు ఆనించాను. అంకె పెరిగింది. ఇంటామె చూసి, చెంచా కడగడానికి అటు తిరిగింది. సూప్ మీద పొగ తగ్గేదాకా వేలు తియ్యబుద్ధి కాలేదు.