ఏడుగురు మామలు, ఒక యాప్

ఎవరికైనా ఫోన్ చేయాలంటే నాకు భయం. అయినా పని దొరకాలంటే పరిచయాలు నిలుపుకోవాలి కదా అని, ఈ ఉదయం అందుకోసమే ఉన్న యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకున్నాను. అది నా నంబర్లన్నీ చూసి, ఒకే పేరు ఏడుసార్లు ఉంది, కలిపేయనా అని అడిగింది. సరేనన్నాను. ఆ పేరు 'మామ'. మార్కాపురంలో అందరూ మామలే మరి.

వాళ్లలో అచ్చు ప్రెస్సు నడిపే మామ ప్రూఫులు దిద్దే మనిషి కోసం చూస్తున్నారు. ధైర్యం చేసి మెసేజ్ పెట్టాను: "మామా, ఆ పని నాకే ఇవ్వండి. రేపే వస్తాను."

వెంటనే ఫోన్ వచ్చింది. చేసింది మంచినీళ్ల క్యాన్లు వేసే మామ. కలిపేసిన నంబర్లలో నా మెసేజ్ ఆయనకు పోయింది.

"ఏంది పాపా, క్యాన్లు మోసేదానికి మనిషి కావాలని నీకెవరు చెప్పినారు? మీ నాయన ఒప్పుకున్నాడా?"

సిగ్గుతో చచ్చిపోతూ సంగతంతా చెప్పాను.

"ప్రెస్సుకా? ఆడ నీళ్లు వేసేది నేనే. చెప్తాలే పో."

అరగంటకు ప్రెస్సు మామ ఫోన్ చేశారు.

"రేపు రా పాపా, ప్రూఫులున్నాయి. వస్తా వస్తా ఒక క్యాను ఎత్తుకొస్తావంట గదా!"

పని దొరికింది, యాప్ తీసేశాను. మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి. ఇప్పటికి నా యాప్ నీళ్ల మామే, కానీ ఆదివారాలు పనిచేయడు.