పుట్టినూరు అని అడిగితే

“నా బిడ్డ యాడ పుట్టిందో నీకు తెలుసు గదా, మరియక్కా?”

“నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాది ఖాదర్‌బీ. పండుకో.”

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు అవే. నాలుగు రోజులకు ఖాదర్‌బీ పోయింది. కరోనాకు ముందటి చలికాలం అది. మాది ఆలూరు పక్కన ఒక మెట్ట పల్లె. నేను మంత్రసానిని. మా ఆయన పోయినప్పటి నుంచి ఆ పనితోనే ఇల్లు గడుపుకున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు సునీత రాస్తోంది. అడ్డం తిరిగిన బిడ్డలను చూశాను, బొడ్డుతాడు మెడకు చుట్టుకుని నల్లబడిన బిడ్డలను చూశాను. అప్పుడెప్పుడూ తడబడని నేను ఒక కాగితం ముందు తడబడ్డాను. ఆ సంగతే చెబుతాను.

ఖాదర్‌బీ మంచం ఎదురుగా టీవీ పొద్దంతా మోగుతూనే ఉండేది. పార్లమెంటులో పౌరసత్వం మీద గొడవ. ఈ దేశంలో పుడితే చాలదు, తల్లిదండ్రులు ఎక్కడివాళ్లో కూడా చూడాలని ఒకాయన. అట్లయితే రాజ్యాంగాన్నే మార్చేసినట్టని ఇంకొకాయన లేచి కేకలు. బల్లలు చరుస్తున్నారు, కాగితాలు చించుతున్నారు, పై కుర్చీలో ఆయన కూర్చోండి, కూర్చోండి అంటున్నాడు. నాకు సగం అర్థం కాలేదు. ఖాదర్‌బీ మాత్రం అందులోంచి ఒక్క మాట పట్టుకుంది. పుట్టుక చూపించాలి. ఆమె కూతురు నూర్జహాన్ బడి ముఖం చూసింది లేదు. కడపలో బండలకు పాలిష్ పట్టే మొగుడి దగ్గర ఉంటూ బట్టలు కుట్టేది. ఆధార్ కార్డు ఉన్నా, ఆ పిల్ల ఎక్కడ పుట్టిందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

తల్లి నలభయ్యో దినం అయ్యాక నూర్జహాన్ మా ఇంటికి వచ్చింది.

“పెద్దమ్మా, పుట్టిన సర్టిఫికెట్టుకు ఆలూరు ఆఫీసులో అర్జీ పెట్టినా. పురుడు పోసినామె వచ్చి వాంగ్మూలం ఇయ్యాలంటాండారు. అమ్మ ల్యాకపాయె. నువ్వే ఉండావు.”

“దానికేముందిలే. నా చేతుల్లోకి జారిన దానివి, నిన్ను నేను చూపీలేనా?”

“నవ్వులాట గాదు పెద్దమ్మా. మా వీధిలో అందరూ సంచుల్లో కాగితాలు సర్దుకుంటాండారు. నా సంచిలో ఏం లేదు. రేపు నా పిల్లోళ్లకూ నా కాగితమే అడుగుతారంట.”

అట్లా నిజంగా అడుగుతారో లేదో నాకు తెలియదు. ఆ పిల్ల చేతులు మాత్రం చన్నీళ్లలో ముంచి తీసినట్టు ఉన్నాయి.

మరుసటి సోమవారం ఇద్దరం తాసిల్దారు ముందు నిలబడ్డాం. ఆయన బల్ల మీద సబ్ సెంటర్ పాత రిజిస్టరు ఉంది. సబ్ సెంటర్ అంటే మా ఊళ్లో నర్సమ్మ కూర్చునే చిన్న ఆసుపత్రి. నెలకోసారి నేను పోయి ఎవరెవరికి కాన్పులయ్యాయో చెబితే, ఆమె అందులో రాసుకుని నా వేలిముద్ర వేయించుకునేది. ప్రతి కాన్పుకూ వరుసగా అడిగేది. తల్లి పేరు, తండ్రి పేరు, ఆడా మగా, పుట్టినూరు.

తాసిల్దారు వేలు పెట్టి చదివాడు. “తల్లి ఖాదర్‌బీ. ఆడబిడ్డ. పుట్టిన ఊరు దగ్గర బళ్లారి వైపు పల్లె పేరు ఉంది. అర్జీలో చూస్తే మీ ఊరు. ఒకే మనిషి రెండు ఊళ్లలో పుట్టదు కదమ్మా?”

నూర్జహాన్ నా ముఖం చూసింది. పక్క కుర్చీలో ఉన్న గుమాస్తా ఊరుకోలేదు.

“ఈ వేలిముద్ర నీదేనా, అవ్వా?”

“నాదే.”

“మరి నువ్వు చెప్పిందే గదా రాసినారు?”

అప్పుడు తట్టింది నాకు. ఆ ఏడు వంక పొంగి దారులు తెగిపోయాయి. తొలికాన్పుకు తల్లిగారింటికి పోవాల్సిన ఖాదర్‌బీ కదలలేక అత్తగారింట్లోనే, మా ఊళ్లోనే కనింది. నర్సమ్మ పుట్టినూరు ఏదని అడిగింది. నేను ఖాదర్‌బీ పుట్టినూరు చెప్పాను.

ఆ మాటే చెబితే గుమాస్తా నవ్వాడు. “బిడ్డ పుట్టినూరు అడిగితే తల్లి పుట్టినూరు చెప్తివా?”

“ఆడమనిషి దగ్గర పుట్టినూరు అంటే ఇంకేందప్పా? సాయంత్రం పోయి నీ పెండ్లాన్ని అడుగు, ఏ ఊరు చెప్తాదో.”

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. తాసిల్దారు మాత్రం కళ్లద్దాలు తీసి నన్నే చూస్తూ, “మిగతా కాన్పులకు కూడా ఇట్లాగే చెప్పావా?” అన్నాడు.

ఔనంటే, నా వేలిముద్ర కింద ఉన్న పిల్లలందరి కాగితాలూ సందేహంలో పడతాయి. వాళ్లలో పోలీసు ఉద్యోగం చేసేవాడున్నాడు, పంతులమ్మ ఉంది. కాదంటే, ఒక్క ఖాదర్‌బీ దగ్గరే నాకెందుకు మతి తప్పిందని అడుగుతారు. నూర్జహాన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో, “నాది ఒక్కటే చెప్పు పెద్దమ్మా, వాళ్ల ఉసురు మనకెందుకు” అంది. తన కోసమే అడుగుతోందా, వాళ్ల కోసం అడుగుతోందా, నాకు ఇప్పటికీ తెలియదు.

“అందరికీ అట్లనే చెప్పినా సామీ,” అన్నాను.

“ఏమంటున్నావో తెలుస్తోందా? నీ ఒక్క మాట మీద పుస్తకమంతా తప్పని ఎట్లా రాయాలి నేను?”

“పుస్తకం తప్పు గాదు. ఆ ఒక్క గడి తప్పు. దాంట్లో ఉండేవి తల్లుల ఊర్లు. నువ్వు తల్లి పేరు చదువు, ఆ గడిలో ఏముండాదో నేను చెప్తా. బిడ్డ యాడ పుట్టిందో కూడా చెప్తా.”

ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. తల్లి పేరు ఒక్కటే చదివాడు. నేను ఆమె తల్లిగారి ఊరు చెప్పాను. గడిలో అదే ఉంది. బిడ్డ ఏ ఇంట్లో పుట్టిందో, మాయ ఎక్కడ పాతిపెట్టానో చెప్పాను. మాయ అంటే బిడ్డ తర్వాత పడేది, నర్సమ్మలు ప్లాసెంటా అంటారు. ఆ ఇంటి పెరట్లో నేనే గుంత తవ్వి పూడుస్తాను కాబట్టి ఇల్లు మర్చిపోయేది ఉండదు. ఇంకో పేరు చదివాడు. ఇంకోటి. అన్నీ కలుస్తున్నాయి.

“లక్ష్మీదేవి.”

అక్కడ ఆగిపోయాను. మా ఊళ్లో ఆ పేరుతో ముగ్గురు కోడళ్లున్నారు.

“మొగుని పేరు చెప్పు సామీ.”

“అది చెబితే ఇంక పరీక్ష ఏముంది?”

నూర్జహాన్ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కళ్లు మూసుకుని మూడిళ్లూ తిరిగాను. ఇద్దరు మేనరికాలు, మా ఊరి ఆడబిడ్డలే. “ఆ గడిలో మా ఊరు ఉండాదా, వేరే ఊరా? అదొక్కటి చెప్పు.”

“వేరే ఊరు.”

“అయితే బావికాడి రంగప్ప పెండ్లాం. ఆదోని అని రాసింటారు. బిడ్డ పుట్టింది మా ఊళ్లో, గడ్డివాము పక్కన కొట్టంలో.”

తాసిల్దారు రిజిస్టరు మూసేశాడు. తర్వాత గుమాస్తాతో, “ఆమె చెప్పింది చెప్పినట్టు రాయి” అన్నాడు.

గుమాస్తా రాసి, సిరా మెత్త నా ముందుకు తోశాడు. నేను వేలు ముంచలేదు. చదవమన్నాను. విసుక్కుంటూ చదివాడు. ‘నేను నర్సు గారికి అబద్ధము చెప్పితిని’ అని ఉంది.

“అబద్ధం తీసేయప్పా.”

“రెండూ ఒకటే కదవ్వా.”

“నీకు ఒకటే. నాకు గాదు. ప్రశ్న వేరేగా అర్థం చేసుకుంది అని రాయి.”

కొట్టేసి మళ్లీ రాశాడు. అది కూడా విన్నాకే వేలు వేశాను.

నూర్జహాన్ కాగితం వచ్చేసరికి ఎండాకాలం దగ్గర పడింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆఫీసుకు పోయి సరిచేయించుకోవాల్సి వచ్చింది. పిలిచిన ప్రతివాళ్ల వెంటా పోయి నిలబడ్డాను. రంగప్ప కొడుకు మాత్రం రచ్చబండ దగ్గర అందరి ముందూ, “ఇన్నేండ్లు లేని తంటా తెచ్చిపెడ్తివి గదవ్వా” అన్నాడు. వాడు పుట్టినప్పుడు ఏడవకపోతే వీపు చరిచి ఏడిపించింది నేనే. అయినా వాడి మాటలోనూ న్యాయం ఉంది.

ఇన్నేళ్ల పనిలో ఒక్క తల్లినీ ఒక్క బిడ్డనూ అశ్రద్ధ చేయలేదని గర్వంగా ఉండేది నాకు. బొడ్డు కోసే బ్లేడు రెండు సార్లు ఉడకబెట్టేదాన్ని. ఆ తర్వాత చెప్పే మాటను మాత్రం ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. నర్సమ్మ మంచిది, అడిగుంటే చదివి వినిపించేది. చదువురాని దాన్ని, ఏమడుగుతాంలే అని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుకు నూర్జహాన్ ఒక చలికాలమంతా నిద్ర పోలేదు.

సునీతా, నువ్వు బాగానే రాసుంటావు. ఆ నర్సమ్మ కూడా బాగానే రాసింది. మొదటి నుంచి చదువమ్మా, వింటాను.